తప్పినవాళ్ల విడిది

అశోక్‌నగర్‌లో పరీక్ష తప్పడం విశేషమేమీ కాదు. ఇక్కడ ఏ గల్లీలో చూసినా సర్కారు నౌకరి కోసం గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లే. చిక్కడ్‌పల్లి లైబ్రరీ చెట్ల కింద కూర్చునేవాళ్లూ, మెస్సుల ముందు ప్లేటు పట్టుకుని నిలబడేవాళ్లూ, జిరాక్స్ షాపుల దగ్గర తోసుకునేవాళ్లూ అందరూ వాళ్లే. ఉద్యోగాలు పిడికెడు, రాసేవాళ్లు గంపెడు. కాబట్టి తప్పినవాళ్లదే మెజారిటీ, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. కానీ తప్పినవాళ్లను ఏరి మరీ రైలెక్కించి, కొండల మీద చల్లటి గదుల్లో నాలుగు రోజులు ఉంచి తీసుకొచ్చే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కతే. ఆమె మహేశ్వరి అక్క, మా హాస్టల్ ఓనర్. ఆమె దగ్గర నేను ఆరేళ్లున్నాను, ఆ కొండల మీదికి మూడుసార్లు పోయాను. ఎన్నిసార్లు తప్పానో వేరే చెప్పనక్కర్లేదు.

అక్క పుట్టిల్లు చిక్కడ్‌పల్లి, మెట్టినిల్లు అశోక్‌నగర్. మధ్యలో అడ్డం ఒక్క రోడ్డు. పెళ్లయ్యాక అత్తగారింటికి పంపేటప్పుడు వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడిస్తే, “ఎంత దూరమమ్మా” అని ఆటోవాడు అడిగాడట. తండ్రికి నారాయణగూడలో కాగితాల దుకాణం ఉండేది. భర్త జగదీశ్వర్ గారు బ్యాంకులో క్లర్కు, మహా మొహమాటస్తుడు. సంతలో బేరమాడితే కూరగాయలమ్మి నొచ్చుకుంటుందని అడిగినంత ఇచ్చి వచ్చే రకం. ఆయన మొహమాటమే మమ్మల్ని కొండలెక్కించింది. ఆ కథ అక్క తిడుతూ చెప్పేది, చెప్తూ చెప్తూ మెత్తబడేది.

నారాయణగూడలో ఏదో బట్టల షాపులో చీర కొంటే కూపన్ నింపమన్నారు. నింపింది. వారం తిరక్కుండా ఫోను వచ్చింది, మీకు డిన్నర్ సెట్ తగిలింది, భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి తీసుకెళ్లండి అని. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, వీళ్లేమో అడక్కుండానే ప్లేట్లు పెడతామన్నారు. అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పోయి కూర్చుంటే టై కట్టుకున్న అబ్బాయి పొద్దుగూకేదాకా వదల్లేదు. ఏటా మీ ఖాతాలో ఇన్ని పాయింట్లు పడతాయి, వాటితో దేశంలో మా రిసార్టులు ఎక్కడున్నా గది తీసుకోవచ్చు, ఎండాకాలం సెలవులకూ పండగలకూ పాయింట్లు ఎక్కువ ఖర్చవుతాయి, వానాకాలంలో తక్కువ, చిన్న గదికి తక్కువ, పెద్దదానికి ఎక్కువ, ఇట్లా ఇరవై అయిదేళ్లు అన్నాడు. అక్క భర్తను మోచేత్తో పొడిచి లేద్దామంది. ఆయన ఆమె చెవిలో, “రెండుసార్లు చాయ్ తాగినం, బిస్కెట్లు గూడ తిన్నం. ఇప్పుడు వద్దని ఏం మొహం పెట్టుకోని చెప్తం?” అన్నాడట. అని సంతకం పెట్టాడు. ఆ డిన్నర్ సెట్టులో మేం ఆరేళ్లు అన్నం తిన్నాం. దాని అంచు మీద బంగారు గీత ఎప్పుడో పోయింది.

వాళ్లిద్దరూ రెండుసార్లు పోయివచ్చారు. తర్వాత ఒకరోజు బ్యాంకులో కౌంటరు వెనకే ఆయన గుండె ఆగింది. పిల్లల్లేరు. పాయింట్లు మాత్రం ఏటా వచ్చి పడుతూనే ఉన్నాయి. వాడుకోకపోతే ఒక ఏడాది ఆగుతాయి, ఆ పైన పోతాయి. భర్త పోయిన మనిషి ఒక్కతే రిసార్టుకు పోతే నలుగురూ ఏమంటారని అక్క కదల్లేదు. ఆ నలుగురూ ఎవరో, వాళ్లకు ఈమె గురించి అనుకునే తీరిక ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. పాయింట్లు పుడుతుండేవి, పోతుండేవి. మెయింటెనెన్స్ చార్జీలు మాత్రం ఏటా కడుతూ, కట్టిన ప్రతిసారీ ఆ టై అబ్బాయి వంశాన్ని తిట్టేది.

పై అంతస్తులు ఖాళీగా ఉండటమెందుకని ఆడపిల్లలకు హాస్టల్ పెట్టింది. హాస్టల్లో ఆమె అంటే హడల్. తెల్లవారుజామున గంట కొట్టి లేపేది. స్నానానికి బకెట్ నీళ్లే. ఫోన్లో సినిమా చూస్తూ దొరికితే ఆ రోజు ఉల్లిగడ్డలు మొత్తం నువ్వే కోయాలి. నేను కోసినన్ని ఉల్లిగడ్డలు ఏ పెళ్లి వంటవాడూ కోసి ఉండడు.

నేను చేరకముందు ఒక ఏడాది ఏం జరిగిందంటే, రిజల్టు వచ్చింది. పాసైనవాళ్లు మిఠాయి తినడానికి ఊళ్లకు పోయారు. తప్పినవాళ్లు ముగ్గురు పైన గదిలో తలుపేసుకుని ఉన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, మాలాంటివాళ్లకు తప్పినందుకన్నా ఊళ్లో వాళ్లు అడుగుతారనే ఏడుపు ఎక్కువ. ఆ సాయంత్రమే కంపెనీ నుంచి ఫోను, మేడమ్ మీ పాయింట్లు పోబోతున్నాయి, ఇప్పుడైతే గది ఖాళీ ఉంది అని. అక్క ఫోను పెట్టేసి మెట్ల కింద నిలబడి అరిచింది. “పైన ఎంతమందున్నరు? బట్టలు సదురుకోండ్రి. పుస్తకాలొద్దు.”

అట్లా మొదలైంది. ఎవరూ ఆలోచించి పెట్టిన పద్ధతి కాదు, ఆ రోజు ఇంట్లో మిగిలింది తప్పినవాళ్లే కాబట్టి తప్పినవాళ్ల ట్రిప్పు అయింది. తర్వాత అదే ఆచారమైంది. పాసైతే తీసుకుపోదు, ఎంత బతిమాలినా సరే. కొండ మీద కటాఫ్ అనే మాట ఎత్తకూడదు. ఎప్పుడైనా లేవొచ్చు. హాస్టల్లో పెరుగు కొలిచి వేసే అక్క అక్కడ గిన్నె మన ముందు పెట్టి బాల్కనీలోకి పోయి కూర్చునేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మేం కొండల మీదే కూర్చుని తినేవాళ్లం. అవి కరగలేదు గానీ మా గొంతులో ఉన్నదేదో కొంచెం కరిగేది.

చిక్కల్లా బుకింగుతో. గది నెలల ముందు పట్టుకోవాలి, రిజల్టు ఎప్పుడొస్తుందో బ్రహ్మకే తెలియాలి. అక్క అందరినీ అడిగి, పేపర్లు చదివి, ఒక తేదీ అంచనా వేసి గది వేయించేది. రిజల్టు వెనక్కి జరిగితే రద్దు చేసుకునేది, కొన్ని పాయింట్లు పోయేవి, మళ్లీ వేసేది. కొన్నాళ్లకు పక్క హాస్టళ్ల పిల్లలు కూడా మా గేటు దగ్గరికొచ్చి, “మీ అక్క గది ఎప్పటికి వేయించింది?” అని అడిగి పోయేవాళ్లు. కోచింగ్ సార్ల మాటకన్నా దాన్నే ఎక్కువ నమ్మేవాళ్లు.

ఈ ఆచారంలో అక్క తప్పని నియమం ఒకటుంది. పిల్లను ఊరు దాటించే ముందు వాళ్ల అమ్మానాన్నలకు తనే ఫోన్ చేసేది. “మీ అమ్మాయికి రాలేదు. నాలుగు రోజులు నాతోటి తీస్కపోత. తర్వాత ఇంటికి పంపిస్త, అప్పటిదాక ఏమనకుండ్రి” అని ఉన్నదున్నట్టు చెప్పేది. తల్లిదండ్రులకు అబద్ధం చెప్పిననాడు హాస్టల్ మూసేసుకోవాలి అనేది. ఆ నియమానికి అడ్డం పడింది నిహారిక.

నిహారిక నా పక్క మంచం. వాళ్ల నాన్న బాలప్ప తాపీ మేస్త్రి. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా నుంచి భార్య ఈదమ్మతో పనికి వచ్చి, అడిక్‌మెట్ దగ్గర బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండిపోయాడు. అక్క ఇంటి మూడో అంతస్తు గోడలు లేపింది ఆయనే, ఇటుకలు మోసింది ఈదమ్మే. ఏటా వానలకు స్లాబు కారితే అక్క కబురు చేసేది ఆయనకే. గదులు పూర్తయిన రోజు సామాను కడుక్కుంటూ, “అమ్మా, నా బిడ్డ చదువుతది. మా జాగల లైటేస్తే అందరికీ నిద్ర చెడ్తది. ఈ గదులల్ల ఒక మూల ఇయ్యరాదు?” అని అడిగాడట. అక్క కిటికీ పక్క మంచం ఇచ్చింది.

ప్రతి ఆదివారం బాలప్ప స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని గేటు దగ్గరికొచ్చేవాడు. లోపలికి రమ్మన్నా రాడు, ఆడపిల్లలుంటారని. పల్లీలో సీతాఫలాలో ఇచ్చి, “వచ్చిందా బిడ్డా?” అనేవాడు. రిజల్టు అన్నమాట. ఆ ఏడు రిజల్టు వచ్చింది. నిహారికకు రాలేదు, నాకూ రాలేదు. నేను మా ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను, అలవాటైన పనే కదా. నిహారిక మాత్రం ఆ ఆదివారం గేటు పట్టుకుని, “ఇంకా రాలేదు నాయినా” అంది. పై ఆదివారం కూడా అదే. “ఏం మనుషులే, పిల్లల్ని ఇంత సతాయిస్తరా” అని బాలప్ప పరీక్షలు పెట్టేవాళ్ల మీద కోపం చేసుకుని పోయేవాడు. ఆయన కోపం చేసుకున్నకొద్దీ ఈ పిల్లకు చెప్పడం ఇంకా కష్టమయ్యేది. నెల గడిచింది. నిహారిక తినడం తగ్గింది, మాట తగ్గింది. ఎప్పుడు చూసినా బట్టలు ఉతుకుతుండేది, ఉతికినవే మళ్లీ ఉతికేది. నాకు భయమేసి అక్కకు చెప్పాను.

అక్క వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆమెను పిలిచింది.

“గది దొరికింది. ముగ్గురం పోదాం. మీ నాయినకు ఫోన్ చేస్తున్న” అంది.

“వద్దక్కా” అంది నిహారిక. “కోచింగోళ్లు టూర్ తీస్కపోతున్నరని చెప్పు.”

“నేను అబద్ధం చెప్ప.”

“అయితే నేను రాను.”

అక్క ఈనెలు తీయడం ఆపలేదు. కాయలన్నీ అయ్యాక, “సరే, నేను అబద్ధం చెప్ప, నిజం గూడ చెప్ప. మీ అమ్మను, నాయినను గూడ తీస్కపోదాం. అక్కడ నీ నోటితోటి నువ్వే చెప్పు. తిరిగి రైలెక్కేలోపల చెప్పాలె. అట్లయితేనే” అంది.

నిహారిక తలూపింది. అంతకుముందు ఏడాది అసలు పరీక్షే లేదు, పరీక్ష లేకపోతే తప్పేదెవరు? అందుకని ఆ పాయింట్లు మిగిలి, రెండు పడక గదులున్న ఇల్లే దొరికింది. వానాకాలం కాబట్టి చవగ్గానూ దొరికింది.

ఆ ఆదివారం అక్క తనే గేటు దగ్గరికి పోయింది. నేను పక్కనే ఉన్నాను, ఆమె అన్న మాటలు నాకు బాగా గుర్తు. “బాలప్పా, నాలుగొద్దులు నాతోటి కొండల దిక్కు రావాలె. నువ్వు, ఈదమ్మ. ఉండనీకి జాగ ఉన్నది. తిండి నాది, రైలు టికెట్టు నాది. నిహారిక గూడ వస్తది.”

బాలప్ప ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. “ఎప్పుడు పోవాలె అమ్మా?” అన్నాడు, అంతే. ఎందుకు, ఏమిటి అని అడుగుతాడనీ, ఏం చెప్పాలో తెలియదనీ రాత్రంతా మథనపడ్డ అక్క హాయిగా ఊపిరి పీల్చుకుంది. “ఎంత మంచి మనిషే” అంది నాతో.

కాచిగూడలో సాయంత్రం మైసూరు రైలెక్కాం. బాలప్ప భుజాన సిమెంటు సంచితో కుట్టిన సంచి ఉంది, బెర్తు కింద పెడితే లోపల ఇనుము మోగింది. వంటగిన్నెలనుకున్నాను. రైలు కదిలాక ఈదమ్మ అక్కను అడిగింది. “నీళ్లు దగ్గరున్నయా అమ్మా ఆడ?”

“గదిలనే నల్లాలున్నయి ఈదమ్మా.”

ఈదమ్మ మొహం విప్పారింది. “గదిలనేనంట” అని మొగుడికి చెప్పింది. బాలప్ప, “పొద్దుగాల ఎన్నింటికి మొదలు అమ్మా?” అన్నాడు.

“నీ ఇష్టం బాలప్పా. నీకెప్పుడు లేవబుద్ధయితే అప్పుడే.”

“మంచోళ్లు మీరు” అన్నాడు బాలప్ప, నిజంగా మనసు కరిగి. మహబూబ్‌నగర్ స్టేషన్ రాగానే కిటికీ దగ్గర నిలబడి వాళ్ల ఊరు ఏ దిక్కో బిడ్డకు చూపించాడు. “గిట్లనే పొయ్యేటోళ్లం పూనకు, బొంబయికి. నువ్వప్పుడు మీ అమ్మ సంకల ఉంటివి” అన్నాడు. నిహారిక అవతలికి తిరిగి పడుకుంది. ఆ రైల్లో చెప్పలేదు.

మర్నాడు మైసూరులో దిగి, జీపులో వాన జల్లులో కాఫీ తోటల మధ్య నుంచి పైకి పోయాం. రిసార్టు గుమ్మంలో ఒక అమ్మాయి అందరి మెడలో పూసల దండలు వేసి, ఏదో పుల్లటి షర్బతు గ్లాసులు ఇచ్చింది. బాలప్ప దండ తీసి ఈదమ్మ మెడలో వేశాడు, గ్లాసు ముట్టుకోలేదు. సంచి మోస్తానని వచ్చిన పనివాడికి నమస్తే పెట్టాడు గానీ సంచి ఇవ్వలేదు. గదులు చూసి ఈదమ్మ, “ఇంత పెద్దదా మాకు?” అని ఊరుకుంది. రాత్రి పరుపు మీద పడుకోమంటే వినలేదు. హాల్లో గుమ్మం పక్కన దుప్పటి పరుచుకుని ఇద్దరూ అక్కడే పడుకున్నారు. మొహమాటం అనుకున్నాం. మొహమాటం గురించి అక్కకు తెలియనిదేముంది, వదిలేసింది.

పడుకునే ముందు నిహారికను బాల్కనీలోకి లాక్కుపోయి, “ఎప్పుడు చెప్తవ్?” అన్నాను.

“రేపు.”

“ఇయ్యాల ఏమయింది?”

“ఇయ్యాల నాయిన సంతోషంగున్నడు మనీషా. ఇంత సంతోషంగ ఎప్పుడూ చూడలే” అంది.

పొద్దున్నే గదిలో ఫోను మోగింది. రిసెప్షన్ అమ్మాయి. అక్క విని, రిసీవరు కింద పెట్టకుండానే నా మొహం చూసింది. “మా మెట్లు మీ గెస్టు కడుతున్నడంట” అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా ముగ్గురం పోయాం. భోజనాల హాలుకు దిగే రాతి మెట్లు అవి. ఒక మెట్టు ఊడి పక్కకు ఒరిగి ఉంది, బాగు చేయడానికి తెచ్చిన ఇసుక, సిమెంటు పక్కన ప్లాస్టిక్ పట్టా కింద ఉన్నాయి. ఈదమ్మ కొంగు నడుముకు చుట్టి మాలు కలుపుతోంది. బాలప్ప ఆ సిమెంటు సంచిలోంచి తీసిన తాపీతో మాలు పరిచి, మెట్టు రాయిని కూర్చోబెట్టి, పిడితో తట్టి మట్టం చూస్తున్నాడు. సన్నగా తుంపర పడుతోంది. రిసార్టు మనుషులిద్దరు ఏమనాలో తెలియక గొడుగులు పట్టుకుని నిలబడ్డారు.

“ఏం చేస్తున్నవ్ బాలప్పా?” అంది అక్క.

“మీరు లేవలే, పని ఏందో చెప్పెటోళ్లు గూడ ఎవరూ రాలే. చూస్తుంటే ఈ మెట్టు ఊడున్నది, మాలు సామాను ఈన్నే ఉన్నది. ఇదేనేమో అని మొదలువెట్టినం. ఇంకా ఏమేం ఉన్నయమ్మా? నాలుగొద్దులల్ల గావాలె గద.”

ఉండటానికి జాగ, తిండి, రైలు టికెట్టు, నాలుగొద్దులు, కొండల దిక్కు. గేటు దగ్గర అక్క అన్న మాటలన్నీ నాకప్పుడు వరసగా గుర్తొచ్చాయి. పాలమూరు మనిషిని దూరదేశం పనికి తీసుకుపోయే ఏ కూలీల మేస్త్రి అయినా అనేవి ఆ మాటలే. ఆయన తండ్రితో అట్లాగే అన్నారు, ఆయనతో అట్లాగే అన్నారు. ఉండటానికి జాగ ఇచ్చి ఊరికే ఉండమన్నవాడు వాళ్ల వంశంలో ఎవరికీ తగల్లేదు. అందుకే ప్రశ్న వేయలేదు. అందుకే తాపీ తెచ్చుకున్నాడు.

అక్కకు కూడా అర్థమైంది. ఆయన పక్కకు పోయి నిలబడింది. తర్వాత మెల్లగా, “నేను పనికి తోల్కరాలే బాలప్పా. ఊకెనే ఉండనీకే తోల్కొచ్చిన” అంది.

బాలప్ప మర్యాదకు నవ్వాడు. “ఊకెనే ఎవరు తోల్కొస్తరమ్మా? రైలు, తిండి, అంత పెద్ద ఇల్లు. మా తానేమున్నదని?”

“నాకు పాయింట్లుంటయి. మా ఆయన తీసుకున్నడు అప్పట్ల. వాడుకోకుంటే పోతయి.”

“అయితే మీ చుట్టాల్ని తోల్కరావాలె గద. మమ్ముల ఎందుకు?”

దానికి జవాబు ఒకటే ఉంది. అది చెప్పనని అక్క మాటిచ్చింది. ఇంకేదైనా చెప్తే అబద్ధమవుతుంది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమెనట్లా నిస్సహాయంగా నేనెప్పుడూ చూడలేదు, చూడలేకపోయాను.

“నా వల్ల నాయినా” అంది నిహారిక.

బాలప్ప తల తిప్పాడు.

“అక్క ఏటా తప్పినోళ్లను తోల్కొస్తది. ఇది తప్పినోళ్ల కోసమే. నాకు రాలే నాయినా. రిజల్ట్ వచ్చి నెలయింది. నీకు అబద్ధం చెప్పిన.”

బాలప్ప వెనక్కి చూసుకోకుండా కూర్చున్నాడు. కూర్చున్నది అప్పుడే పెట్టిన మెట్టు మీద. పచ్చి మాలు మీద రాయి జరిగి పక్కకు ఒరిగింది, ఆయనకు అది కూడా తెలియలేదు. ఈదమ్మ చేతులకంతా సిమెంటు. చీరకు తుడుచుకుంది, చాలక మళ్లీ తుడుచుకుంది, వచ్చి బిడ్డ మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది.

“నెల సంది ఒక్కదానివే పెట్టుకున్నవానే కడుపుల?” అంది.

దాంతో నిహారిక ఏడ్చింది. నెల నుంచి ఏడవని ఏడుపు. నేనూ ఏడ్చాను, నాది కూడా కొంత మిగిలుందని అప్పుడే తెలిసింది. తప్పినప్పుడల్లా జోకులు వేసి దాటేసేదాన్ని నేను.

బాలప్ప లేచి, జరిగిన రాయిని తీసి, మాలు మళ్లీ సరిచేసి, రాయి పెట్టి తట్టాడు. మట్టం కుదిరేదాకా ఎవరి మొహమూ చూడలేదు.

“సైట్ల అందరికి చెప్పిన” అన్నాడు రాయితోనే మాట్లాడుతున్నట్టు.

“ఏమని చెప్పినవ్ నాయినా?” అంది నిహారిక.

“నా బిడ్డ రాసిందని చెప్పిన. వచ్చిందని చెప్పలే. రాసింది నిజమే గద.” తాపీతో అంచున కారిన మాలు గీసేశాడు. “మల్ల రాయొచ్చునా?”

“రాయొచ్చు.”

“రాస్తవా?”

“తెల్వది నాయినా.”

“సరే” అన్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు అక్క వైపు తిరిగాడు.

“ఏటా తప్పినోళ్లనే తోల్కొస్తరా అమ్మా ఈడికి?”

“అవు బాలప్పా.”

“పాసయినోళ్లనో?”

“వాళ్లనెందుకు? వాళ్లకు నౌకరొస్తది. పొద్దుగాలనే ఆఫీసుకు పోవాలె, సెలవులు గూడ దొరకయి.”

బాలప్ప నడుము మీద చేతులు పెట్టుకుని మొదటిసారి చుట్టూ చూశాడు. వచ్చినప్పటి నుంచి ఆయన గోడలూ నేలా చూశాడు గానీ కొండ చూడలేదు. కాఫీ చెట్ల మధ్యకి మంచు దిగుతోంది. హాల్లోంచి దోసెల వాసన వస్తోంది. ఎవరో ముసలాయన మెడకు మఫ్లరు చుట్టుకుని, ఏ పనీ లేకుండా, గడ్డిలో మెల్లగా నడుస్తున్నాడు.

“పాపం” అన్నాడు బాలప్ప.

తమాషాకు అనలేదు. పాసైనవాళ్ల మీద ఆయనకు నిజంగానే జాలేసింది. మొదట నవ్వింది అక్క. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు చూసి ఈదమ్మ, ఈదమ్మను చూసి నేను. ఎందుకు నవ్వుతున్నామో తెలియక బాలప్ప కూడా కొంచెం నవ్వాడు. నిహారిక కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

“ఇంకేం పని లేదా అయితే?” అని మళ్లీ అడిగాడు, రూఢి చేసుకోవడానికి.

“ఏం లేదు బాలప్పా. నాలుగొద్దులు ఏం లేదు” అంది అక్క.

ఆయన నల్లా కింద తాపీ కడిగి, లుంగీకి తుడిచి, సంచిలో పెట్టేశాడు. తర్వాత బిడ్డ దగ్గరికొచ్చాడు. కిటికీ పక్క మంచం దొరికిన రోజు నుంచి, లేచి చదువుకో బిడ్డా, వచ్చిందా బిడ్డా అనే మాటలు తప్ప ఇంకోటి ఆయన నోట వినలేదని నిహారిక నాతో ఒకసారి అంది.

“పో బిడ్డా” అన్నాడు. “ఇంకా పొద్దున్నది. పోయి జరసేపు పండుకో.”

నిహారిక పోయి పడుకుంది. భోజనాల వేళయింది. ఎండ వచ్చింది, మళ్లీ వాన వచ్చింది. ఆమె లేవలేదు. బాలప్ప ఆ గది తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, దగ్గరికి ఎవరొచ్చినా వేలు పెదాల మీద పెట్టి వెనక్కి పంపించాడు.